ముందుగదిలో సర్వరు

ఇంట్లో పడున్న పాత కంప్యూటర్‌ని ఒంటిచేత్తో వీపీఎన్ సర్వర్‌గా మార్చిన ముసలివాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నేను చదివింది పల్లెటూరి బడిలో. ఆ బడికి కప్పు ఉందో లేదో వాన పడితేగాని తెలిసేది కాదు. పంతులుగారు ఎక్కాలు అప్పజెప్పమంటే నేను పెట్టే కేకలకి పక్క పొలంలో ఎద్దులు దున్నడం ఆపి అటెన్షన్‌లో నిలబడేవి. ఆ చదువుతో, ఈ వయసులో, పెద్ద పెద్ద ఇంజినీర్లు జుట్టు పీక్కునే పనిని మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం కాఫీకీ మధ్య అవలీలగా ముగించేశాను.

ఇందులో నిజమెంతో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ముందు ఆ అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి.

మా అబ్బాయి వెల్డరు. కొత్తగా కడుతున్న మేడ మీద ఇనుప మెట్లు అతుకుతూ పరంజా మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము దగ్గర వెన్నుపూస దెబ్బతిని కాళ్ళు మాత్రం పడిపోయాయి. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే, ఎక్కడో దూరాన ఉన్న నగరంలో వెన్ను కోసమే కట్టిన ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోడలు వెంట వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది.

కోడలిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. సరుకు అందనివాళ్ళూ, పగిలిన సరుకు అందినవాళ్ళూ ఒక కంపెనీని తిట్టే తిట్లన్నీ విని, వాళ్ళకి మర్యాదగా జవాబులు రాయాలి. "మామయ్యా, నాకు జీతమిచ్చేది పనికి కాదు, తిట్లు తిన్నందుకు" అనేది నవ్వుతూ. ఆ ఉద్యోగంతోపాటు ఇంటిల్లిపాదికీ వైద్య బీమా. అబ్బాయి మంచం, మందులు, రోజూ వచ్చి వాడి కాళ్ళు పట్టుకుని వంచి చాచే వ్యాయామం మనిషి, అన్నీ ఆ బీమా మీదే నడుస్తున్నాయి.

కంపెనీకి ఒక నియమం ఉంది. కొనుక్కునేవాళ్ళ పేర్లూ చిరునామాలూ బయటికి పొక్కకూడదని, ఎవరు ఏ ఇల్లు రాయించుకున్నారో ఆ ఇంటి ఇంటర్నెట్ లైను మీదే పనిచేయాలి. ఇంకెక్కడినుంచి చేసినా కుదరదు. కోడలి సెలవులన్నీ అయిపోయాయి. ఇంకొన్నాళ్ళు ఇమ్మంటే పై ఆఫీసరు, "ఇంటికెళ్ళి పని మొదలుపెట్టండి, లేదా రాజీనామా పంపండి" అన్నాడట.

ఇంటికొస్తే అక్కడ వాణ్ణి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పే దిక్కుండదు. రాకపోతే బీమా ఉండదు. మీరెళ్ళి కూర్చోవచ్చుగా అని మీరు అడుగుతారు. వెళ్ళాను. మా వాడిది వెల్డరు ఒళ్ళు, కొయ్యదూలం బరువు. రెండోసారి తిప్పబోయి నా నడుం పట్టేసింది. నర్సు వచ్చి, "తాతగారూ, ఈ మంచానికి పేషెంటు ఉన్నాడు, మీరు వేరే చూసుకోండి" అంది. మా ఆవిడ మోకాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి కుట్టుమిషను తొక్కడానికి తప్ప దేనికీ లొంగవు.

నేను తిరిగొచ్చాక ఓ రోజు కోడలు ఫోన్ చేసింది.

"మామయ్యా, మీరు ఊరి నీళ్ళ మోటారు దగ్గర పనిచేశారుగా, మీకైతే తొందరగా అర్థమవుతుంది. నేనిక్కడే కూర్చుని పనిచేస్తాను. కానీ నా పనంతా ముందు మనింటికి వస్తుంది. మన పాత కంప్యూటర్లోకి వచ్చి, అక్కడినుంచి బయటికి వెళ్తుంది. ఆఫీసువాళ్ళకి మనిల్లే కనిపిస్తుంది."

"అంటే పైపులో పైపు."

"అబ్బ, అదే! బయటి పైపులో ఊరందరి నీళ్ళూ పోతుంటాయి. లోపలి పైపులో మనవి మాత్రమే. మధ్యలో ఎవరూ తొంగిచూడలేరు."

"బాగానే ఉంది. ఇది తప్పు కాదా అమ్మా?"

ఆసుపత్రిలో ఎవరో స్టీలు గిన్నె కింద పడేసిన చప్పుడు వినిపించింది.

"తప్పే మామయ్యా. ఇంకో దారి ఉంటే మీరు చెప్పండి."

కంప్యూటరు మీద కప్పిన పాత దుప్పటి తీశాను.

ఇక ఒంటిచేత్తో అన్నాను చూశారా, ఆ చెయ్యి ఏం చేసిందో చెబుతాను. కోడలు చెప్పినచోట నొక్కి ఒక చిన్న ప్రోగ్రాం దించాను. తెర మీద వచ్చిన నంబరు ఫోన్లో చదివాను. అంతే. ఆ తర్వాత తెర మీద బాణం దానంతటదే పరుగెత్తడం మొదలుపెట్టింది. అక్కడ కూర్చుని కోడలే నడిపిస్తోంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అప్పుడే కాఫీ పట్టుకొచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేంటండీ, మీరు ముట్టుకోకుండానే తిరుగుతోంది?"

"చూపుతో తిప్పుతున్నాను. మాట్లాడించకు, చూపు చెదురుతుంది."

పాపం, గ్లాసు చప్పుడవకుండా పెట్టి, మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళి గోడకానుకుని నిలబడింది. నేను కనుబొమలెత్తితే బాణం పైకి, దించితే కిందికి. దేవుడి దయవల్ల కోడలు కూడా అటే తిప్పుతోంది. ఇంతలో ఫోన్లోంచి, "అత్తయ్యా, నమ్మకండి, నేనే!" అని కిలకిలా నవ్వు. ఆ వెనకే మా వాడి గొంతు, నీరసంగా, "నాన్న మళ్ళీ మొదలెట్టాడా?" అని. వాడు పడ్డాక మా ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం కోడలు ఏమేం చేసిందో నాకు అర్థమైనంత చెబుతాను. సర్వరు ప్రోగ్రాం ఎక్కించింది. రెండు తాళంచెవులు పుట్టించింది, ఒకటి మా దగ్గర, ఒకటి ఆమె దగ్గర. అవి రెండూ కలిస్తేనే పైపు తెరుచుకుంటుంది. గోడకున్న వైఫై పెట్టెలో బయటినుంచి లోపలికి రావడానికి ఒకే ఒక్క తలుపు తెరిచింది. లైను ఆగి వచ్చినప్పుడల్లా బయటివాళ్ళకి కనిపించే మా ఇంటి నంబరు మారిపోతుందట, అందుకని నంబరు మారినా ఇల్లు దొరికేట్టు ఒక పేరు పెట్టింది. కంప్యూటరు కునుకు తీయకుండా కట్టడి చేసింది. కరెంటు పోయి వస్తే దానంతటదే లేచేట్టు చేయడం మాత్రం దూరాన్నుంచి కుదరదట. అందుకు కంప్యూటరు మొదలయ్యే క్షణంలో ఒక మీట నొక్కాలి. నేను నొక్కేసరికి ఆ క్షణం దాటిపోయేది. "ఇంకా ముందు మామయ్యా", "ఇంకా ముందు", "అయ్యో, ఈసారి మరీ ముందు". చివరికి దొరికింది. ఆ ఒక్క మీట నాది, మిగతాదంతా ఆమెది. ఆ మీటే లేకపోతే మిగతాదంతా దండగని నేను ఇప్పటికీ ఎదురింటి కంపౌండరుతో వాదిస్తుంటాను.

అంతా అయ్యాక కోడలు తన లాప్‌టాప్‌లో, మనిషి ఎక్కడున్నాడో చూపించే పేజీ ఏదో తెరిచింది. అందులో మా ఊరు కనిపించింది.

"మామయ్యా, నేను మనింట్లో ఉన్నాను" అంది. ఆ గొంతు విని మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత కోడలు ఒకటే జాగ్రత్త చెప్పింది. "ఆ కంప్యూటరు ఆగకూడదు. ఇక్కడ నా లాప్‌టాప్‌ని మనింటికి కలిపే చిన్న పెట్టె ఒకటుంది. ఇల్లు దొరక్కపోతే అది నోరుమూసుకుని ఊరుకోవాలి. కానీ చవకరకం కదా, ఒక్కోసారి ఊరుకోకుండా ఆసుపత్రి లైను పట్టుకుంటోంది. అప్పుడు నేనెక్కడున్నానో ఆఫీసుకి అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది."

ఆ రోజునుంచి నాకు మళ్ళీ డ్యూటీ పడింది. ముందుగదిలో కిటికీకీ మా ఆవిడ కుట్టుమిషనుకీ మధ్య ఆ కంప్యూటరు, దాని పక్కన నా కుర్చీ. బజారుకి పోవడం మానేశాను. ఇస్త్రీపెట్టె వాడే ముందు నా అనుమతి తీసుకోవాలని చట్టం చేశాను. కరెంటు పోతే కాసేపు ఆదుకునే బ్యాటరీ పెట్టె ఒకటి కంపౌండరు తన పాత మందుల షాపునుంచి తెచ్చిచ్చాడు.

"ఏం మోటారు బావా, పురిటిబిడ్డలా కాపలా కాస్తున్నావు. పాలు కూడా పడుతున్నావా?"

"నీలాంటివాళ్ళ దిష్టి తగలకుండా చూసుకుంటే చాలు. అటు జరుగు, వైరు తొక్కుతున్నావు."

వింటుంటే నాకు ఆ యంత్రం భాష వచ్చేసింది. లోపలి ఫ్యాను మెల్లగా మూలిగితే కోడలు రాసుకుంటోందని అర్థం. గట్టిగా బుసకొడితే మీటింగులో ఉందని. మరీ రొద చేస్తే ఎవరో గడ్డితినేవాడు ఆమెను తిడుతున్నాడని. ఇది మా ఆవిడ నమ్మలేదు గానీ, ఒకసారి ఫ్యాను రొద విని ఫోన్ చేస్తే, "అవును మామయ్యా, మీకెలా తెలుసు? ఇందాకటినుంచి ఒకాయన పగిలిన అద్దం గురించి ప్రాణం తీస్తున్నాడు" అంది కోడలు.

అబ్బాయి రోజూ ఫోన్లో మాట్లాడేవాడు.

"నాన్నా, కంప్యూటరు ఎలా ఉంది?"

"గుండ్రాయిలా ఉంది. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు."

"వేడెక్కుతోందా?"

"లేదురా, చల్లగా ఉంది."

కాళ్ళ గురించి నేను అడగను, వాడు చెప్పడు. ఆ పెట్టె ఒంట్లో ఎలా ఉందో మాట్లాడుకుని ఇద్దరం ఫోన్ పెట్టేసేవాళ్ళం. ఒక రోజు మాత్రం కోడలు ఆపుకోలేక చెప్పేసింది, కుడి బొటనవేలు కదిలిందని. వ్యాయామం మనిషి కూడా చూశాడట. ఇంకొన్ని నెలలు విడవకుండా చేస్తే నిలబెట్టే ఆశ ఉందన్నాడట. ఇప్పుడు ఆపితే మాత్రం కీళ్ళు బిగుసుకుపోతాయని కూడా అన్నాడట. మా ఆవిడ ఆ రోజంతా తన కాలి బొటనవేలు కదిలించి చూసుకుంటూ కూర్చుంది.

ఇక్కడ మా ఆవిడ పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలోనే కుట్టుపని మొదలుపెట్టింది. మిషను మీంచి లేచిందంటే దానికి తొడుగు వేయకుండా గడప దాటదు. "అన్నం పెట్టే యంత్రం ఒంటిమీద దుమ్ము పడనిస్తామా?" అంటుంది. మా ఇంట్లో గోడగడియారానికి తప్ప అన్నిటికీ బట్టలున్నాయి. మరి ఇప్పుడు మా అబ్బాయిని నిలబెట్టబోయే యంత్రం ఒంటిమీద నూలుపోగు లేదు. ఆమె ఊరుకుంటుందా? కర్టెన్లకి తెచ్చిన దళసరి గుడ్డ మిగిలితే, టేపుతో కొలతలు తీసి, అంచులకి ఎర్ర పైపింగు పెట్టి, కంప్యూటరుకి ఒక తొడుగు కుట్టింది. కొలతలు తీస్తూ, "ఊపిరి బిగబట్టకు" అని దానితో అంటుంటే నా చెవులారా విన్నాను.

వీడియోలో అది చూసి కోడలు పడీ పడీ నవ్వింది. "ఎంత బాగుందో అత్తయ్యా! కానీ వెనకాలనుంచి వేడిగాలి బయటికి పోవాలి. అక్కడ మూయకండి." వెంటనే మా ఆవిడ వెనకవైపు చతురస్రంగా కత్తిరించి, జాలీగుడ్డ వేసి, చుట్టూ మడిచి కుట్టింది. మా ఇంటి కిటికీల కంటే ఆ కిటికీయే అందంగా ఉంది.

అలా బండి నడిచింది. ఎండలు ముదిరాయి. తొడుగు మాసిందని మా ఆవిడ ఉతికి ఆరేసింది, ఇస్త్రీ చేసింది, నా అనుమతితోనే. మళ్ళీ తొడిగాం. ఆమె ఒక పక్క పట్టుకుంది, నేను ఒక పక్క పట్టుకున్నాను. తొడిగాక చూస్తే ముందువైపు జాలీలోంచి పచ్చ దీపం మిణుకుమిణుకుమంటూ కనిపిస్తోంది. "ఇప్పుడు ఇంకా ముచ్చటగా ఉందే" అన్నాను. ఆమె కూడా తలూపింది. జాలీ ముందుకొచ్చిందంటే వెనక దళసరి గుడ్డ పడిందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మోటారు దగ్గర పనిచేసినవాడికి ఎంత చప్పుడులోనైనా నిద్రపడుతుంది గానీ, ఆ చప్పుడు ఆగితే మాత్రం ప్రాణం లేచి కూర్చుంటుంది. మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ మిషను తొక్కుతుంటే నేను కుర్చీలో పేపరు చూస్తున్నాను. ఫ్యాను గట్టిగా రొద పెట్టింది. ఎవడో తిడుతున్నాడు పాపం అనుకున్నాను. రొద ఇంకా పెరిగింది. ఆ తర్వాత ఏమీ లేదు.

జాలీ వెనక పచ్చ దీపం లేదు.

తొడుగు లాగి అవతల పారేశాను. రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. బొత్తాం నొక్కితే ఒకసారి గురక పెట్టి మళ్ళీ ఆగిపోయింది. మా ఆవిడ అట్టముక్క తీసుకుని విసరడం మొదలుపెట్టింది, జ్వరమొచ్చిన పిల్లాడికి విసిరినట్టు. "లేమ్మా, లే తల్లీ" అంటోంది. నేను కోడలికి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మీటింగులో ఉంటే ఎత్తదు. 'లాప్‌టాప్ మూసెయ్' అని ఒక్క మాట చెప్పగలిగితే చాలు. ఒక్క మాట పంపుదామంటే ఫోన్లో అక్షరాలు వేలికి దొరక్క, ఏవేవో రాసి పంపాను.

పెట్టె చల్లబడ్డాక లేచింది. పచ్చ దీపం వెలిగింది. ఫ్యాను మెల్లగా, ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. ఎంతసేపు విన్నా ఆ ఫ్యానులో కోడలి అలికిడి లేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

"మామయ్యా."

"అమ్మా, ఇప్పుడు నడుస్తోంది. ఆ తొడుగు..."

"మీటింగు మధ్యలో అడిగారు, ఎక్కడున్నారని. ఇంట్లోనే ఉన్నానన్నాను. నేను ఏ ఊళ్ళో ఉన్నానో వాళ్ళే చదివి వినిపించారు."

"వాడి సంగతి చెప్పకపోయావా తల్లీ? మనుషులే గదా వాళ్ళూ."

"చెప్పాను. ముందే చెప్పాల్సిందన్నారు. లైను మార్చినందుకు కాదట, అడిగితే అబద్ధమాడినందుకట. ఈ రోజుతో ఆఖరు."

ఎంతటి కోతలరాయుడికైనా నోట్లో తడి ఆరిపోయే సమయం ఒకటుంటుంది. అప్పుడు ఆమే అంది, "మీ తప్పేం లేదు మామయ్యా. అత్తయ్యతో కూడా చెప్పండి" అని. ఫోన్ పెట్టేసింది.

నేను ఆ మాట చెప్పినా మా ఆవిడ కొన్నాళ్ళు నన్ను తిట్టింది, జాలీ ముందుకొస్తే ముచ్చటగా ఉందన్నది మీరే గదా అని. కుట్టింది నువ్వే, వెనకేదో ముందేదో నీకు తెలియదా అని నేనన్నాను. ఇంకొన్నాళ్ళకి గొడవ తిరగబడింది. తిప్పి తొడిగింది నేనేనని ఆమె, కాదు నేనేనని నేను. ఆ పోట్లాట మొదటిదానికంటే అధ్వాన్నం. ఆ తర్వాత ఇద్దరం మానేశాం.

బీమా ఆగింది. మంచం ఖాళీ చేయమన్నారు. వ్యానులో అబ్బాయిని ఇంటికి తెచ్చారు. కంప్యూటరు బల్ల ఉన్నచోటే వాడి మంచం వేశాం, కిటికీగాలి అక్కడే వస్తుందని. బల్ల వంటింట్లోకి మారింది. వ్యాయామం మనిషిలా ఇక్కడ ఎవరూ లేరు. కంపౌండరు పొద్దునే వచ్చి ఫోన్లో ఆయన చూపించినట్టు కాళ్ళు వంచడానికి చూస్తాడు. జీవితమంతా సూదిమందు వేసిన చేతులు, వాటికి ఆ బలమేదీ? మోకాళ్ళు వంగడం తగ్గుతూ వచ్చింది. బొటనవేలు కదలికని మేం చూడనే లేదు, అక్కడే చూసొచ్చారు వాళ్ళిద్దరూ.

మొన్న నేను పక్కన కూర్చుని, నా ఎద్దుల కథ మొదలుపెట్టాను. ఎద్దులు అటెన్షన్‌లో నిలబడ్డాయిరా అన్నాను.

"నాన్నా, నిలబడేవాళ్ళ కథలు వద్దు" అన్నాడు వాడు, మొహం గోడవైపు తిప్పుకుని.

లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ కంప్యూటరు ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపమని ఎవరూ అనలేదు, ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. అందులోంచి వెళ్ళేవాళ్ళు లేరు, వచ్చేవాళ్ళు లేరు.

కోడలు గోడౌనులో పనికి కుదిరింది. సరుకు పెట్టెల్లో సర్ది టేపు వేయడం. పొద్దున్న వెళ్ళి చీకటిపడేవేళకి వస్తుంది. తిట్లు తినే ఉద్యోగం పోయి, ఆ తిట్లు పుట్టేచోట ఉద్యోగం దొరికిందని నేనొక వేళాకోళం అల్లి పెట్టుకున్నాను గానీ, ఆమె మొహం చూశాక మింగేశాను. మర్యాదకి లోటు లేదు. "మామయ్యా, అన్నానికి రండి" అంటుంది. "అత్తయ్యా, మోకాళ్ళకి మందు రాసుకున్నారా?" అంటుంది. వాడి ఒళ్ళు తుడుస్తుంది, తిప్పుతుంది, దుప్పటి సర్దుతుంది. ఒకప్పటిలా నవ్వదు.

కథ చెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట కల్పించకుండా ఉండలేను, అది నా జబ్బు. మీరు అనుమానించేవన్నీ నాకు తెలుసు. ఎద్దులు నిజంగా ఆగాయా అంటే, బడి పక్కన పొలం ఉన్నమాట నిజం. ఎర్ర పైపింగు నిజం, ఫ్యాను భాష నిజం, కనుబొమలతో బాణం తిప్పడం నిజం. కల్పించింది ఒక్కటే. ఆ సాయంత్రం ఫోన్లో కోడలు "మీ తప్పేం లేదు మామయ్యా" అన్నదని రాశాను చూశారా, ఆ మాట ఆమె అనలేదు. ఈ రోజుతో ఆఖరని చెప్పి, నేనేమైనా అంటానేమోనని కాసేపు చూసి, ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. గుమ్మంలో మా ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉంటే, అప్పటికప్పుడు అల్లి చెప్పాను.

ఆమె నమ్మింది.